పాటకు దృశ్యం తోడయ్యాక

పాట వినే వస్తువు నుంచి చూసే వస్తువుగా మారిన క్రమాన్ని యంత్రాల చరిత్రగా మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. గొంతు ఎవరిది? తెరమీద దేహం ఎవరిది? పాట కింద వేసే పేరు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటేనే ఆ చరిత్ర సారం తెలుస్తుందని నా అభిప్రాయం.

పడమటి దేశాల్లో పాట-దృశ్యం మొదటినుంచీ సరుకే. 1940లో అమెరికాలో పనోరమ్ అనే యంత్రం వచ్చింది. బార్లలో, హోటళ్ళలో దాన్ని పెట్టారు. పది సెంట్ల నాణెం వేస్తే ఒక పాట బొమ్మ ఆడేది. 1960లో ఫ్రాన్సులో స్కోపిటోన్ వచ్చింది. 1981 ఆగస్టు 1న ఎమ్.టి.వి. మొదలయ్యాక, రికార్డులు అమ్మిపెట్టే ప్రకటనగా పాట-దృశ్యం స్థిరపడింది.

మన దారి వేరు. తెలుగులో అది సినిమా కడుపున పుట్టింది. 1932 నాటి 'భక్త ప్రహ్లాద' మొదలుకొని తొలి టాకీల్లో నటులే కెమెరా ముందు పాడారు. నేపథ్యగానం వచ్చాక పాట ముందే రికార్డయ్యేది. నటులు దానికి పెదవులు కదిపేవారు. గొంతూ దేహమూ విడిపోయాయి. తర్వాత దూరదర్శన్‌లో వారం వారం వచ్చిన 'చిత్రలహరి' పాటను కథనుంచి కూడా విడదీసింది. యూట్యూబ్ పాటకు కావలసిన ప్రేక్షకుడు అక్కడే తయారయ్యాడు.

ఈ క్రమంలో జనం పాట ఏమయింది? రెండు ఉదాహరణలు చూద్దాం. 1980లో విడుదలైన 'మాభూమి'లో బండి యాదగిరి పాటను గద్దర్ తానే తెరమీద కనబడి పాడారు. గొంతూ దేహమూ ఒకటే. 2021లో వచ్చిన 'లవ్ స్టోరీ' కోసం 'సారంగదరియా' అనే జానపద గీతం పల్లవి తీసుకొని సుద్దాల అశోక్ తేజ పాట రాశారు. మంగ్లీ పాడారు, సాయిపల్లవి నర్తించారు. ఆ జానపద గీతాన్ని అంతకుముందే పాడి వెలుగులోకి తెచ్చింది తానని ఒక గాయని ముందుకొచ్చారు. ఇది ఇద్దరు ముగ్గురు వ్యక్తుల తగాదా కాదు. సమష్టి సొత్తు సరుకుగా మారేచోట పుట్టే వైరుధ్యం.

మాది కొనకనమిట్ల. పక్కనున్న మార్కాపురం పలకలకు పేరుపడ్డ ఊరు. జానపద గీతం ఆ పలకలాంటిది. ఒకరు రాసింది ఇంకొకరు తుడిచి తమ మాట రాస్తారు. వీడియో శిలాశాసనం. ఒకే పాఠం, ఒకే ముఖం, ఒకే హక్కుదారు. మిగతా ఊళ్ళ పాఠాలు తప్పులుగా కనబడటం మొదలవుతుంది.

అంతమాత్రాన వీడియోను తిట్టి ప్రయోజనం లేదు. సెల్‌ఫోన్ ఉన్న పల్లె గాయని స్టూడియో గడప తొక్కకుండానే తన పాట తాను చూపించగలదు. విడిపోయిన గొంతూ దేహమూ తిరిగి కలిసే అవకాశం ఇది. అయితే పంపిణీ సాధనం ఆమె చేతిలో లేదన్నదీ మరవరాదు.

కనుక పాటలు సేకరించే విద్యార్థులు ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పని చేస్తూ పాడారో రాసిపెట్టాలి. పాఠభేదాలను వదిలిపెట్టకూడదు. రచయితలు జనం పల్లవి తీసుకుంటే ఆ సంగతి తమ పేరు పక్కనే వేయించాలి.