చొక్కాలో పడ్డ డొల్ల: అపోహలు – వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు శనివారం పొద్దున క్రికెట్‌కి వెళ్లినట్టే అప్పుడప్పుడూ షూటింగ్ రేంజ్‌కీ వెళ్తుంటారు. ఊరినుంచి బావమరిది వచ్చాడంటే చూపించే వింతల్లో అదీ ఒకటి. నన్నూ మొదట ఓ మిత్రుడే తీసుకెళ్లాడు. చెవులకి మఫ్స్ పెట్టాడు, కళ్లకి అద్దాలిచ్చాడు, గురి ఎలా చూడాలో, ట్రిగ్గర్ ఎలా నొక్కాలో ఓపిగ్గా నేర్పాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. మూడో తూటా పేలగానే నిప్పుకణంలాంటిదేదో నా కాలర్ సందులోంచి వీపు మీదికి జారింది. నేనేసిన గంతుకి పక్క లేన్‌వాళ్లు కూడా నవ్వారు. నవ్వాల్సిన సంగతి కాదని చాలా రోజుల తర్వాత తెలిసింది.

అపోహ: ఎగిరొచ్చి తగిలేది తూటాయే.

వాస్తవం: నేరవార్తల్లో ‘ఖాళీ తూటాలు దొరికాయి’ అని రాసీ రాసీ ఈ గందరగోళం వచ్చింది. తూటా అంటే ముందు గుండు, దాని వెనక తుపాకిమందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. గుండు టార్గెట్ వైపు పోతుంది. మిగిలిన ఖాళీ గొట్టమే డొల్ల. రేంజ్‌లో కేసింగ్ అనో, బ్రాస్ అనో అంటారు. సెమీ ఆటోమేటిక్ పిస్తోలు పేలగానే పైనున్న స్లైడ్ వెనక్కి జరుగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం డొల్లను అంచు పట్టుకుని లాగుతుంది. రెండోవైపున్న ఎజెక్టర్ అడ్డుతగలగానే డొల్ల పక్కకి తిరిగి స్లైడ్‌కున్న కిటికీలోంచి ఎగిరిపోతుంది. స్లైడ్ తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్‌లోని ఇంకో తూటాని లోపలికి తోస్తుంది. అంటే డొల్ల మీ మెడని తాకే సమయానికి చేతిలో ఉన్నది మళ్లీ పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ.

అపోహ: ఏ తుపాకీ కాల్చినా డొల్లలు మీద పడతాయి.

వాస్తవం: రివాల్వర్ డొల్లల్ని తనలోనే దాచుకుంటుంది, మనం బయటికి తీసేదాకా. ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బోల్టు మనమే లాగితే తప్ప డొల్ల రాదు, వచ్చాక దాన్ని ఏరి లెక్క అప్పజెప్పాలి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో తుపాకిమందే లేదు, ఇక డొల్ల ఎక్కడిది?

అపోహ: మొహానికి తగిలిందంటే తుపాకీలో లోపమున్నట్టే.

వాస్తవం: ముందు పక్కనున్న గోడని చూడండి. చాలా పిస్తోళ్లు డొల్లని కుడివైపు, కాస్త వెనక్కి విసురుతాయి. ఇండోర్ రేంజ్‌లో ఒక్కో లేన్‌కీ పక్కన అడ్డుగోడ ఉంటుంది. మీ ఎడమ పక్కవాడి డొల్లలు మిమ్మల్ని తాకకుండా కాపాడేది అదే, మీ డొల్లల్ని మీ మీదికే తిప్పికొట్టేదీ అదే. లేన్‌లో కాస్త ముందుకో వెనక్కో జరిగి నిలబడితే చాలాసార్లు బెడద తగ్గుతుంది.

తర్వాత మీ మణికట్టుని అనుమానించండి. స్లైడ్ వెనక్కి వేగంగా జరగాలంటే పిస్తోలు పిడి గట్టిగా నిలబడి ఉండాలి. మణికట్టు వదులుగా ఉంటే పిస్తోలు మొత్తం వెనక్కి ఊగుతుంది, స్లైడ్ జోరు తగ్గుతుంది, డొల్ల దూరంగా ఎగరక నెత్తి మీదో నుదుటి మీదో పడుతుంది. బలం తక్కువున్న తూటాలు వాడినా ఇదే జరుగుతుంది. ఇవేవీ కాకుండా, చెయ్యి తిరిగిన మనిషి అదే తుపాకీతో కాల్చినా డొల్ల మొహానికే వస్తోందంటే అప్పుడు ఎక్స్‌ట్రాక్టరో, ఎజెక్టరో, స్ప్రింగో చూపించుకోవాలి. కొన్న వారానికే తుపాకీని తిట్టుకుంటూ దుకాణానికి తిప్పి పట్టుకెళ్లేవాళ్లని చూశాను. వాళ్లలో సగంమందికి కావలసింది కొత్త తుపాకీ కాదు, పట్టు.

అపోహ: ఎడమచేతివాటం వాళ్లకి తుపాకీ పనికిరాదు.

వాస్తవం: డొల్ల కుడివైపుకి ఎగరడంతో వాళ్లకి ఇబ్బంది నిజమే, పరిష్కారాలూ ఉన్నాయి. 1980ల్లో అమెరికా సైన్యంలోకి వచ్చిన ఎం16ఎ2 రైఫిల్‌కి కిటికీ వెనక చిన్న మిట్టలాంటిది అమర్చారు. ఎడమ భుజానికి ఆనించి కాల్చేవాళ్ల మొహం మీదికి డొల్ల రాకుండా అది పక్కకి మళ్లిస్తుంది.

అపోహ: మామూలు కళ్లద్దాలు, ఏదో ఒక చొక్కా చాలు.

వాస్తవం: డొల్లకి సందు దొరికితే చాలు. వదులు కాలర్, లో నెక్ కుర్తీ, వేళ్లు కనిపించే చెప్పులు, అన్నీ దానికి దారులే. మెడని అంటిపెట్టుకుని ఉండే గుండ్రటి మెడ టీషర్టు మేలు. బేస్‌బాల్ టోపీ అంచు ముందుకే ఉండాలి, నుదుటికీ అద్దాలకీ మధ్య డొల్ల ఇరుక్కోకుండా ఆపేది ఆ అంచే. చత్వారం అద్దాలు కంటికి రక్షణ కావు. అమెరికాలో జెడ్87 ప్లస్ ముద్ర ఉండి, కణతల దాకా కప్పేవి తీసుకోవాలి.

అపోహ: కాలినచోట టూత్‌పేస్ట్ రాస్తే సరి.

వాస్తవం: వద్దు. 20 నిమిషాలు చల్లటి కుళాయి నీటి కింద ఉంచండి. డొల్ల పలచటి ఇత్తడి, నేల మీద పడితే తొందరగానే చల్లారుతుంది. బట్టకీ చర్మానికీ మధ్య ఇరుక్కుంటేనే ఎర్రగా కందుతుంది, ఒక్కోసారి చిన్న పొక్కు వస్తుంది. అసలు కంగారుపడాల్సింది డొల్లకి అంటుకున్న సీసం గురించి. ప్రైమర్‌లో సాధారణంగా సీసం ఉంటుంది, ఆ మసి డొల్లకీ చేతులకీ అంటుతుంది. జ్ఞాపకంగా నాలుగు డొల్లలు తెచ్చి పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి.

అపోహ: ముందు డొల్లని తీసేయాలి, మిగతా సంగతి తర్వాత.

వాస్తవం: ప్రాణం తీసే అపోహ ఇదొక్కటే. 2016 జూలైలో ఫ్లోరిడాలోని ఒక రేంజ్‌లో ఓ తండ్రి పిల్లలతో కలిసి కాలుస్తున్నాడు. డొల్ల గోడకి తగిలి తిరిగొచ్చి ఆయన చొక్కాలో వీపువైపు పడింది. దాన్ని తీయబోతూ, పిస్తోలున్న చేతినే వెనక్కి తిప్పాడు. పిస్తోలు పేలింది. వెనకున్న 14 ఏళ్ల కొడుకు చనిపోయాడు. ఆ వార్త చదివాక నా గంతు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఆ క్షణంలో నా పిస్తోలు మూతి ఎటు తిరిగి ఉందో ఇప్పటికీ చెప్పలేను.

పోపులో ఆవగింజ ఎగిరి చేతి మీద పడితే మూకుడు విసిరేయం కదా. చురుక్కుమన్నా ఓర్చుకుని దించుతాం. ఇక్కడా అంతే. ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీయాలి. మూతి టార్గెట్ వైపే ఉంచి తుపాకీని ముందున్న బల్ల మీద పెట్టాలి. రెండు చేతులూ ఖాళీ అయ్యాకే వెనక్కి అడుగేసి చొక్కా దులుపుకోవాలి.

కొత్తవాళ్లని రేంజ్‌కి తీసుకెళ్తున్నారా? డొల్ల మీద పడొచ్చని, పడితే ఏం చేయాలో మొదటి తూటాకి ముందే చెప్పండి. మొదటి కొన్నిసార్లు మ్యాగజైన్‌లో ఒక్కటంటే ఒక్క తూటా పెట్టి ఇవ్వండి. డొల్ల ఎగిరేసరికి వాళ్ల చేతిలో తుపాకీ ఖాళీగా ఉంటుంది.