లోబి ఇళ్లలో కొయ్య కాపలాదారులు

పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో, ఐవరీ కోస్ట్, ఘనా సరిహద్దులు కలిసే చోట లోబి ప్రజలు ఉంటారు. ఇప్పటి ఘనా వైపు నుంచి 18వ శతాబ్దం చివరి భాగంలో నల్ల వోల్టా నది దాటి వచ్చి, బుర్కినా ఫాసోలోని గావా పట్టణం చుట్టుపక్కల ఎక్కువగా స్థిరపడ్డారు. మట్టిగోడలతో కోటల్లాంటి ఇళ్లు కట్టుకుని, జొన్నలు, సజ్జలు పండించుకుంటారు. సంప్రదాయంగా వీళ్లకు రాజు లేడు. ఊరంతటి మీదా పెత్తనం చేసే నాయకుడూ లేడు. ఫ్రెంచి సేనలు వచ్చినప్పుడు ఇక్కడ లొంగదీయడానికి ఒక సింహాసనమంటూ కనబడలేదు, అందుకే లోబి బాణాలతో వాళ్ల తగువు ఏళ్ల తరబడి సాగింది. మరి దండించే రాజు లేనిచోట కట్టుబాటు ఎలా నిలుస్తుంది? ఆ జవాబులో కొంత భాగం వాళ్ల ఇళ్లలోని చీకటి గదుల్లో, ‘బతేబా’ అనే కొయ్యబొమ్మల వరసలో ఉంది. వాటిని దేవతా విగ్రహాలుగానో, కళాఖండాలుగానో చూసినంతకాలం అవి మనకు సగమే అర్థమవుతాయి. పని అప్పగించి కొలువులో పెట్టిన సిబ్బందిగా చూస్తే వాటి రూపం మొత్తం అర్థమవుతుంది.

లోబి నమ్మకంలో సృష్టికర్త పేరు థాంగ్బా. ఆయన మనుషుల రోజువారీ గొడవల్లో తలదూర్చడు. ఆ పని కంటికి కనబడని ‘థిల్’లది. ఒక్కో ఇంటికి, ఒక్కో ఊరికి తమతమ థిల్‌లు ఉంటాయి. ఇది తినకూడదు, ఆ పని చేయకూడదు, ఫలానా కోడిని బలివ్వాలి అని అవే ఆజ్ఞలు పెడతాయి. కానీ థిల్ మాట్లాడదు, దాని మనసు సోదెగాడే కనుక్కోవాలి. ఆ కనుక్కునే తీరు గమనించదగ్గది. వచ్చినవాడు తన కష్టమేమిటో చెప్పడు. సోదెగాడు అతని పక్కన కూర్చుని, అతని చేయి తన చేత్తో పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా థిల్‌ను ప్రశ్నలడుగుతాడు. జబ్బా? భార్యదా? పిల్లలదా? పొలం సంగతా? కలిసిన ఆ రెండు చేతుల కదలికే ఔననీ కాదనీ చెబుతుంది. తేలిన జవాబును గవ్వలు వేసి సరిచూసుకోవడమూ ఉంది. అలా అడుగుతూ అడుగుతూ, బొమ్మ చెక్కించాలా, ఎలాంటి బొమ్మ, చేతులు ఎక్కడ ఉండాలి అన్నదాకా వెళతారు. అంటే బొమ్మ రూపాన్ని నిర్ణయించేది శిల్పి ఇష్టమో, కొనేవాడి ముచ్చటో కాదు, అప్పుడొచ్చిపడిన అవసరం.

స్విట్జర్లాండ్ పరిశోధకుడు పీట్ మేయర్ ఈ బొమ్మల రకాలను విడమరిచి చెప్పాడు. లోబి కళ మీద అతని పుస్తకం 1981లో జ్యూరిచ్‌లోని రీట్‌బర్గ్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనతోపాటు వచ్చింది. చేతులు కిందికి వేలాడేసి నిటారుగా నిలుచున్నవి మామూలు బతేబాలు. ఒక చేయిగానీ రెండు చేతులుగానీ చాచినవి ప్రమాదకరమైనవి. గుమ్మానికి అడ్డం నిలబడి చేతబడిని, చావును లోపలికి రానీయకపోవడం వాటి పని. దిగులు మొహంతో ఉన్నవి యజమాని తరఫున దుఃఖించడానికి. ఏడవాల్సిన ఏడుపు బొమ్మ ఏడ్చేస్తే మనిషికి ఆ కష్టం తప్పుతుందని లెక్క. కాళ్లు చాపి కూర్చున్న బొమ్మ, నడక రాని బిడ్డ కోసం. జంటగా కలిసి ఉన్న స్త్రీపురుషుల బొమ్మ, పెళ్లి కుదరనివాళ్ల కోసం, సంతానం లేనివాళ్ల కోసం. రెండు తలలవి మామూలు మనిషికి లేని శక్తి గలవి. ఇంత సూటిగా, భంగిమ చూడగానే బాధ్యత తెలిసిపోయే శిల్పాలు అరుదు.

తెలుగు పాఠకుడికి వెంటనే ఒక సందేహం రావచ్చు. ఇదంతా మన ప్రాణప్రతిష్ఠ లాంటిదే కదా అని. పోలిక కొంతవరకే నిలుస్తుంది. బొమ్మ చెక్కగానే బతేబా అయిపోదు, థిల్ కోసం ఏర్పరచిన గద్దె మీద చేరి దాని ఆజ్ఞకు లోబడ్డాకే అవుతుంది, అంతవరకు నిజమే. కానీ గుడిలో మూర్తి దేవుడే. బతేబా థిల్ కాదు, థిల్ చెప్పినట్టు చూసే, కదిలే, పోరాడే బంటు. థిల్‌ను నమ్ముకున్నందుకు ఫలితం దక్కకపోతే ఆ గద్దెను పట్టించుకోవడం మానేస్తారు. బొమ్మలు అక్కడే చెదపట్టిపోతాయి.

ఇదంతా మూఢనమ్మకమే, దీనికి పరిపాలన రంగు పులమడమెందుకు అనేవారూ ఉంటారు. బొమ్మ జబ్బు నయం చేస్తుందని నేను వాదించడం లేదు. అయితే ఒక ఆజ్ఞ ఫలించిందో లేదో చూసి కొనసాగించే, వదిలేసే ఏర్పాటును గుడ్డినమ్మకమని తీసిపారేయడం తొందరపాటే. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. లోబివాళ్లు తమ బొమ్మలను న్యాయవ్యవస్థ అనుకోరు, ఆ మాట బయటివాళ్లు అంటగట్టిందే అని. ఒప్పుకోవలసిందే. వాళ్ల దృష్టిలో థిల్ నిజంగా ఉంది, అంతే. అయినా ఆ నమ్మకం వల్ల జరుగుతున్నదేమిటో చూడాలి. నిషేధం ఎవరు పెట్టారో, తప్పితే ఏం చెల్లించాలో ఇంట్లో ప్రతివాడికీ తెలుసు. ఇరుగుపొరుగులో ఏ మనిషీ మరొకడి మీద అధికారి కాకుండానే కట్టుబాటు నిలుస్తోంది.

ఇక కళ సంగతి. అన్నీ అవసరం కోసమే అయితే కొన్ని బొమ్మలు అంత అందంగా ఎందుకున్నాయి? చెక్కేవాళ్లు వేరే కులమేమీ కాదు, పొలం పనుల మధ్య తీరికలో చెక్కే రైతులు. చేయి తిరిగినవాళ్లకు పేరు రాకపోలేదు. గావాలో సికిరే కాంబిరే లాంటివాడి పనితనం యూరోపియన్ల దాకా వెళ్లింది, వాళ్ల కోసమూ చెక్కాడు. పనితనం ఉన్నమాట నిజం, కానీ సోదెగాడి మాటతో నియామకం కానిదే ఎంత నేర్పుగా చెక్కినా అది లోబి ఇంట్లో ఉత్త కొయ్యే. బలిచ్చిన కోళ్ల నెత్తురు ఏళ్ల తరబడి పట్టి నల్లబడిన పైపొర కోసం సేకర్తలు ఎగబడతారు, ఆ పైపొరకు నకిలీలూ పుట్టుకొచ్చాయి. కొలువు చేసిన గుర్తులకు వెల కడుతూ కొలువునే మరిచిపోవడం చిత్రం. ఏ మ్యూజియంలోనైనా బతేబా ఎదురైతే ముందు దాని చేతులు చూడండి. పక్కనున్న చీటీలో ఎత్తు, దేశం, శతాబ్దం మాత్రమే రాసి, దానికి అప్పగించిన పని రాయకపోతే, ఆ చీటీ అసంపూర్ణమని నిర్వాహకులకు చెప్పండి.