పాత కారులో టర్బో ఇంజన్: బలం పెంచితే చాలా?



ఒకరోజు పాఠం ముగిశాక డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చి ఇలా అడిగాడు: "సార్, మా తాతగారి అంబాసిడర్ షెడ్డులో ఊరికే పడి ఉంది. అందులో టర్బో ఇంజన్ పెట్టిస్తే కొత్త కార్లతో సమానంగా పరుగెత్తదా? పది రోజుల్లో చేసి ఇస్తానని మెకానిక్ అంటున్నాడు."

పది రోజుల్లో ఇంజన్ బిగించవచ్చు. నేర్పున్న మెకానిక్‌కు అదేమంత కష్టమైన పని కాదు. అయితే ఆ కారులో కూర్చునే మనుషులు క్షేమంగా ఇల్లు చేరతారా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. ఈ పాఠంలో దానిని అంచెలంచెలుగా తెలుసుకుందాం.

ఇంజన్ బలం గాలిలో ఉంది

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివర మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి మాతృక. చాలాకాలం దీనిలో ఉన్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజన్. దాని శక్తి ఇంచుమించు 50 అశ్వశక్తి. ఈ 50 ఎక్కడి నుంచి వచ్చిందో మనమే లెక్క వేద్దాం.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలిని పీల్చుకుంటుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగితే 2000 సార్లు పీలుస్తుంది. ఒక్కొక్కసారికి 1.489 లీటర్ల చొప్పున దాదాపు 2980 లీటర్లు. కవాటాల దగ్గర అడ్డంకుల వల్ల సిలిండర్లు పూర్తిగా నిండవు. 80 శాతం నిండుతాయి అనుకుందాం. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు కనుక నిమిషానికి లోపలికి వెళ్ళే గాలి దాదాపు 2.9 కిలోలు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. కాబట్టి నిమిషానికి మండగలిగే పెట్రోలు సుమారు 195 గ్రాములు మాత్రమే. కిలో పెట్రోలులో దాదాపు 44 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. అంటే ఇంజన్‌కు అందే శక్తి సుమారు 143 కిలోవాట్లు. అందులో నాలుగో వంతు చలనంగా మారితే దాదాపు 36 కిలోవాట్లు, అంటే 48 అశ్వశక్తి. మన 50 దాదాపు దొరికింది!

దీనిని బట్టి ఒక విషయం తేలింది. ఎక్కువ పెట్రోలు పోసినంత మాత్రాన బలం పెరగదు. ముందు ఎక్కువ గాలి కావాలి.

టర్బో చేసే పని

బయటికి పోయే పొగలో వృథా అవుతున్న శక్తితోనే గాలిని లోపలికి నెట్టవచ్చుననే ఆలోచనకు 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుషి పేటెంటు పొందాడు. వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో చివర ఉన్న మరో చక్రం గాలిని కుదించి సిలిండర్లకు పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్, షెవర్లే సంస్థలు టర్బో ఉన్న కార్లను మార్కెట్‌లోకి తెచ్చాయి.

సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. టర్బోలోనూ అంతే. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి కుదిస్తే అది 80 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కనుక సాంద్రత ఒకటిన్నర రెట్లు కాక 1.28 రెట్లే అవుతుంది. ఆ గాలిని ఇంటర్‌కూలర్ అనే చిన్న రేడియేటర్ గుండా పంపి 50 డిగ్రీలకు చల్లబరిస్తే సాంద్రత 1.4 రెట్లకు చేరుతుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలి మరీ వేడిగా ఉంటే ఇంధనం అదుపు తప్పి మండి, పిస్టన్లు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

మొదటి పరీక్ష: వేడి

మండిన ఇంధన శక్తిలో దాదాపు మూడో వంతు ఇంజన్‌ను చల్లబరిచే నీటిలోకి పోతుంది. మన పాత ఇంజన్ విషయంలో అది సుమారు 48 కిలోవాట్లు. 2 కిలోవాట్ల గీజర్లు 24 ఒకేసారి వేసినంత వేడి! రెట్టింపు శక్తి గల ఇంజన్ పెడితే ఆ సంఖ్య 35 దాటుతుంది. ఇంటర్‌కూలర్‌ను రేడియేటర్‌కు ముందు అమరిస్తే రేడియేటర్‌కు తగిలే గాలి ముందే వేడెక్కి ఉంటుంది. రేడియేటర్, ఫ్యాను మార్చకపోతే మే నెలలో ఎత్తైన ఘాట్ రోడ్డు మీద కారు ఆవిరి కక్కడం ఖాయం.

రెండో పరీక్ష: మెలితిప్పే బలం

పాత ఇంజన్ టార్కు సుమారు 100 న్యూటన్-మీటర్లు; కొత్తది 200 అనుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 4 అయితే గేర్‌బాక్స్ వెనుక ఉన్న పొడవాటి షాఫ్టు మీద పడేది 400 కాదు, 800 న్యూటన్-మీటర్లు. క్లచ్, గేరు పళ్ళు, షాఫ్టు కీళ్ళు, వెనుక ఇరుసులు అన్నీ 400ను దృష్టిలో ఉంచుకొని చేసినవి. క్లచ్ జారుతుంది, జారకపోతే దాని తర్వాత ఉన్న భాగం విరుగుతుంది. గొలుసులో ఒక్క కొక్కాన్ని బలపరిస్తే తర్వాతి కొక్కం తెగినట్లే ఇది.

మరో చిక్కు. అంబాసిడర్‌లో ఇంజన్ నిలువుగా కూర్చొని వెనుక చక్రాలను తిప్పుతుంది. నేటి చిన్న టర్బో ఇంజన్లు చాలావరకు అడ్డంగా కూర్చొని ముందు చక్రాలను తిప్పేవి. వాటిని నేరుగా ఇందులో దించలేరు. పైగా వాటి సెన్సర్లు, కంప్యూటర్, అధిక పీడనపు ఇంధన పంపు అన్నీ వెంట రావాలి.

మూడో పరీక్ష: ఆగడం

ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది. గతిజశక్తి వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మనుషులతో కలిపి 1400 కిలోల కారు గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్తుంటే దాని గతిజశక్తి సుమారు 346 కిలోజౌళ్ళు. వేగం 120 అయితే 778. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది. శక్తి రెండుంబావు రెట్లయింది. ఆ శక్తినంతా బ్రేకులే వేడిగా మార్చాలి. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లోపలి వేడి త్వరగా బయటికి పోదు. మళ్ళీ మళ్ళీ తొక్కితే పట్టు సడలుతుంది. అప్పుడు పెడల్ ఎంత గట్టిగా తొక్కినా కారు ఆగదు.

బ్రేకులు చక్కగా పనిచేసినా, సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గితే, 80లో ఆగడానికి 41 మీటర్లు, 120లో 93 మీటర్లు కావాలి. ఎదురుగా రోడ్డు దాటుతున్న పిల్లవాడికి, కారుకు మధ్య ఆ 52 మీటర్ల తేడా ఎంత విలువైనదో ఆలోచించండి.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఆమోదం పొందిన కిట్లతో సి.ఎన్.జి. వంటి వేరే ఇంధనానికి మారడానికి చట్టంలో వీలుంది గానీ, అదీ అనుమతితోనే. అనుమతి లేని మార్పుకు జరిమానా లేదా జైలు శిక్ష పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా పరిహారం అందకపోవచ్చు.

మరి తయారీ సంస్థ తానే 1990లలో ఈ కారుకు 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్ పెట్టలేదా అని మీరు అడగవచ్చు. పెట్టింది. అయితే దానితోపాటు అయిదు గేర్ల కొత్త గేర్‌బాక్స్ కూడా ఇచ్చింది. తేడా అక్కడే ఉంది.

ఆ విద్యార్థికి నేను చెప్పింది ఇదే: "తాతగారి ఇంజన్‌నే విప్పి బాగు చేయించు. బ్రేకులు, టైర్లు ముందు చూడు. టర్బో ఎలా పనిచేస్తుందో కళాశాల వర్క్‌షాపులో నేర్చుకో. రోడ్డు మీద మాత్రం ప్రయోగం చేయకు." అతడు కొంచెం నిరాశపడ్డాడు. వారం తర్వాత కనిపించి, "సార్, బ్రేకు డ్రమ్ములు విప్పి చూశాం. ఒకటి పగిలి ఉంది" అన్నాడు.

మీరే చేయండి

1. 1000 సి.సి. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోంది. పై పద్ధతిలో దాని శక్తిని అంచనా వేయండి.
2. గంటకు 60 కి.మీ., 100 కి.మీ. వేగాల వద్ద 1400 కిలోల కారు గతిజశక్తుల నిష్పత్తి ఎంత?
3. మీ ఇంట్లో స్కూటర్ ఉంటే దాని బ్రేకులు డ్రమ్మువా, డిస్కువా? డిస్కు త్వరగా ఎందుకు చల్లబడుతుందో రాయండి.