మోకాలి నొప్పికి సీటు ఎత్తూ కారణమే
సైకిలు మానేయనక్కర్లేదు - మాత్రలతోనే ముప్పు

నూజెండ్ల: కుర్రకారు చేతికి మోటారు సైకిళ్లు వచ్చాక పల్లెల్లో సైకిలు పెద్దవాళ్ల బండిగా మిగిలింది. తెల్లవారుజామున పాల క్యాన్లు, పొద్దెక్కాక పచ్చగడ్డి మోపులు, సంత రోజున కూరగాయల గంపలు దానిమీదే. అరవై దాటిన ఈ రైతులకు, చిరు వర్తకులకు వచ్చిపడే చిక్కు మోకాలి నొప్పి. సైకిలు మానేయమని ఇంట్లోవాళ్లు పోరుతుంటారు. మానేస్తే పాలు కేంద్రానికి చేరేదెలా? ఇంకొకరి బండి వెనక ఎక్కాలన్నా వారి తీరిక చూసుకోవాలి.

నిజానికి సైకిలు తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయన్నది అపోహ. నడిచేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. సైకిలు మీద అందులో చాలా భాగం సీటే మోస్తుంది. అమెరికాలో 2,600 మందికి పైగా పరిశీలించి 2024లో వెలువరించిన అధ్యయనంలో, సైకిలు తొక్కే అలవాటున్న వారిలో మోకాలి నొప్పి 17 శాతం తక్కువగా కనిపించింది. అయితే అక్కడి సైకిళ్లకు గేర్లుంటాయి, మన సైకిలుకు వెనక గడ్డిమోపుంటుంది. ఆ తేడా మరువరాదు.

అసలు తంటా సీటు దగ్గరే. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని పెద్దవాళ్లు సీటు బాగా దించి పెట్టుకుంటారు. దాంతో తొక్కిన ప్రతిసారీ మోకాలు అతిగా మడతపడి, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి మోకాలి ముందు భాగంలో ఉంటే ముందుగా అనుమానించాల్సింది సీటునే. సరిచూసుకోవడం తేలిక. ఒకరిని సైకిలు పట్టుకోమని సీటెక్కి, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దానిపై మడమ ఆనించాలి. అప్పుడు కాలు దాదాపు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు మాత్రం మడమతో కాక ముందు పాదంతో తొక్కాలి, మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. సీటు మరీ ఎత్తయినా చేటే, నొప్పి మోకాలి వెనక్కి మారుతుంది. కాబట్టి ఒకేసారి కాక, కొద్ది కొద్దిగా పెంచుకుంటూ వారం పాటు చూడాలి. పానాతో ఐదు నిమిషాల పని ఇది.

వంగిన క్రాంకు, గ్రీజు ఎండిన బాల్స్, గాలి తగ్గిన టైరు - ఇవన్నీ మోకాలి మీద పడే బరువులే. మిట్ట ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో దిగి నడిపించుకు పోవడం నామోషీ కాదు. అడ్డబారు మీదుగా కాలు తిప్పి ఎక్కడం కష్టమైన వారికి లేడీస్ సైకిలు మేలు. నవ్వేవాళ్లు నవ్వుతారు, వాళ్ల మోకాళ్లకూ అరవై ఏళ్లు రాకపోవు.

తొడ కండరం బలంగా ఉంటే మోకాలికి ఊతం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, ఐదారు సెకన్లు నిలిపి దించాలి. పూటకు పదిసార్లు చాలు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడకలో అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. గొంతుకూర్చోవడం వీలైనంత తగ్గించాలి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలతోనే అసలు ప్రమాదం. నొప్పి అణుగుతుంది, తెల్లారి మళ్లీ తొక్కుతారు, మళ్లీ మాత్ర. నెలల తరబడి ఇలా వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీ, షుగరు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

ఈ మెట్ట ప్రాంతంలో ఇంకో సంగతీ ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో గుర్తించింది పొరుగునే, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి. మోకాళ్లతో పాటు మెడ, నడుము కూడా వంగకపోతే అది సైకిలు తెచ్చిన నొప్పి కాకపోవచ్చు. తాగే బోరు నీటి సంగతి డాక్టరుకు చెప్పాలి.

మోకాలు వాచి వేడిగా ఉన్నా, మడిచిన కాలు పట్టేసినా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా ఆలస్యం చేయరాదు. వినుకొండ, నరసరావుపేట ప్రభుత్వాసుపత్రుల్లో చూపించుకోవచ్చు. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. కీలు మార్చాల్సిందేనని ఎవరైనా చెబితే రెండో డాక్టరును కూడా అడగడం మంచిది. కృత్రిమ మోకీలు పరికరాల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి విధించింది. బిల్లులో ఆ ధర విడిగా చూపమని అడిగే హక్కు రోగికి ఉంది.