ప్రజల మాట – ప్రజారోగ్యం

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలలో పలుచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు అధికంగా ఉన్నది. దంతాలను, ఎముకలను పీడించే ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే షార్ట్ ప్రభృతులు నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వర్ణించారు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అది ఎంత ఉన్నదో ప్రయోగశాల తెలుపుతుంది. ఏ దారిన దేహంలో చేరుతున్నదో ప్రజల జీవనమే తెలుపుతుంది.

‘ఏ నీరు త్రాగుతారు?’ అని అడిగితే ‘డబ్బానీరు’ అనవచ్చు. వంటింట పప్పు ఉడికేది మాత్రం బోరునీటిలోనే కావచ్చు. మరిగించినా ఫ్లోరైడు పోదు. ఇట్టి విషయాలను ముఖాముఖి, బృందచర్చ, ప్రత్యక్ష పరిశీలనల ద్వారా గ్రహించడమే గుణాత్మక పరిశోధన. పరిశోధకుడు ముందుగా సమ్మతి పొందాలి. పేర్లను గోప్యంగా ఉంచాలి. చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసుకొని, పలువురి మాటలతో పోల్చి చూడాలి. వంటకు సైతం డబ్బానీరు కొనలేని ఇల్లాలికి కావలసినది హితబోధ కాదు, సురక్షిత జలం.