నల్లతెర మీద గ్రబ్

విండోస్ పక్కనే లినక్స్ వేసుకున్న కంప్యూటర్ ఉన్నట్టుండి ఒకరోజు నల్లతెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అని చూపించి ఆగిపోతుంది. డేటా అంతా పోయిందనుకుని చాలామంది డిస్క్ ఫార్మాట్ చేయించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చాలాసార్లు ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. చెడింది వాటి దాకా తీసుకెళ్లే చిన్న ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్, ఒక్కటే. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే మరమ్మతు సగం తెలిసినట్టే.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చింది. ఆ డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టర్‌ను స్టార్టప్‌కు కేటాయించారు. మొత్తం 512 బైట్లు. అందులో పార్టిషన్ల వివరాలకు 64, చివరి గుర్తుకు రెండు పోగా ప్రోగ్రాంకు మిగిలింది 446 బైట్లు. తెలుగు యూనికోడ్‌లో ఈ పేరా కూడా అందులో పట్టదు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ కావలసింది ఆ ఒక్క చోటే. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అది తన కోడ్‌ను అక్కడ రాసేసేది. దాంతో లినక్స్ చెక్కుచెదరకుండా ఉన్నా కనిపించకుండా పోయేది.

1990ల తొలినాళ్లలో వచ్చిన లిలో అనే బూట్‌లోడర్, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ డిస్క్‌లో ఏయే సెక్టర్లలో ఉందో ముందే రాసిపెట్టుకునేది. కెర్నెల్ మార్చి లిలోను మళ్లీ నడపడం మరిచిపోతే అంతే, పాత చిరునామాకు వెళ్లి చతికిలబడేది.

ఆ బెడద తీర్చింది గ్రబ్. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి హర్డ్ సిస్టమ్‌ను బూట్ చేయడానికి 1995లో ఎరిక్ బోలిన్ దాన్ని మొదలుపెట్టాడు, 1999లో అది గ్నూ ప్యాకేజీ అయింది. దాని గొప్పతనమంతా ఒక్కచోట ఉంది: ఫైల్ సిస్టమ్‌ను అదే చదవగలదు. మొదటి సెక్టర్‌లోని ముక్క చేసేది రెండో ముక్కను లేపడమే. ఆ రెండోది పార్టిషన్ తెరిచి ‘బూట్’ ఫోల్డర్‌లో తన మిగతా సరంజామాను వెతుక్కుంటుంది. మీరు పార్టిషన్ తీసేసినా, దాని నంబర్ మారినా వెతుకులాట విఫలమై రెస్క్యూ తెర వస్తుంది. అక్కడ ‘ఎల్ఎస్’ కొడితే పార్టిషన్ల జాబితా వస్తుంది. గ్రబ్ ఫోల్డర్ ఏ పార్టిషన్‌లో ఉందో ఒక్కొక్కటీ చూసి పట్టుకుని, ‘రూట్’, ‘ప్రిఫిక్స్’ వేరియబుల్స్ రెండింటినీ అటు మళ్లించి, ‘నార్మల్’ మాడ్యూల్ లోడ్ చేసి నడిపితే మెనూ ప్రత్యక్షమవుతుంది. లినక్స్‌లోకి వెళ్లాక గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తేనే ఆ మార్పు నిలుస్తుంది. ఫోల్డరే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే పని చేయాలి.

యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా ఫర్మ్‌వేర్ ఉన్న ఇప్పటి కంప్యూటర్లలో 446 బైట్ల ఇరుకు లేదు. బూట్ ఫైళ్లకు వేరే పార్టిషనే ఉంది, అందులో ఎవరి ఫోల్డర్ వాళ్లది. ఎవరిని ముందు పిలవాలన్న వరస మదర్‌బోర్డ్ మెమరీలో ఉంటుంది. అప్‌డేట్ తర్వాత నేరుగా విండోసే వస్తుంటే చాలాసార్లు ఆ వరస మారి ఉంటుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో సరిచేస్తే సరి.

కొత్త చిక్కు సెక్యూర్ బూట్: నమ్మకమైన సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే ఇది నడవనిస్తుంది. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ పాత లినక్స్ బూట్‌లోడర్లను నిషేధించింది. డ్యూయల్ బూట్ యంత్రాలను వదిలేయాల్సింది, కానీ కొన్నింటిని గుర్తుపట్టలేకపోవడంతో వాటిలో లినక్స్ బూట్ కాలేదు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, ఆ నిషేధ జాబితాను తొలగించి, లినక్స్ బూట్‌లోడర్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేస్తే అవి కోలుకున్నాయి. అయితే విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే సెక్యూర్ బూట్‌ను ముట్టుకోకముందే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. మారిన సెట్టింగ్ చూసి విండోస్ మొట్టమొదట అడిగేది దాన్నే.