తెలుగు చదివే కంప్యూటరు కథ

కంప్యూటరు తెర మీది పాఠాన్ని అందుకొని కృత్రిమ కంఠంతో వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. చూపు లేనివారు దీని సాయంతో కీబోర్డు మీటలు నొక్కుతూ, విని తెలుసుకుంటూ పనులు చేసుకుంటారు. అచ్చు పుటను చదివి వినిపించే యంత్రాన్ని 1976లో అమెరికాలో రేమండ్ కుర్జ్‌వైల్ వెలువరించాడు గాని, దాని పరిమాణమూ ధరా సామాన్యునికి అందనివి. కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ 1989లో ‘జాస్’ అనే స్క్రీన్ రీడర్‌ను విడుదల చేశాడు, అదీ ఖరీదైనదే. 2006లో మైఖేల్ కరన్ అనే అంధ ఆస్ట్రేలియన్ ‘ఎన్‌వీడీఏ’ను ఉచితంగా ఇవ్వడానికి పూనుకోవడంతో పరిస్థితి మారింది.

ఎన్‌వీడీఏతో కలిసి వచ్చే ఈస్పీక్ అనే ధ్వని యంత్రాంగం తెలుగూ పలుకుతుంది. అది మనిషి గొంతును దాచుకోదు. నోటిలో గాలి ప్రతిధ్వనించే పౌనఃపున్యాలను లెక్కగట్టి శబ్దాన్ని పుట్టిస్తుంది కాబట్టి గొంతు మరబొమ్మలా ఉన్నా, వేగం ఎంత పెంచినా స్పష్టత నిలుస్తుంది. అలవాటుపడినవారికి కావలసిందీ అదే. తెలుగులో రాతకూ పలుకుకూ దూరం తక్కువ గనుక సూత్రాలు చాలావరకు సరిపోతాయి. అయితే ‘చాప’లోని చకారమూ ‘చెరువు’లోని చకారమూ వేరువేరని దానికి విడిగా నేర్పాలి.

అసలు చిక్కు అక్షరాల దగ్గర ఉంది. 1991 నాటి యూనికోడ్ ప్రతి తెలుగు అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించగా, పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు ఆకారాలను తొడిగాయి; కంటికి అది చక్కని తెలుగే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు. స్కాన్ చేసిన కాగితంలో అదీ ఉండదు, ఉన్నది బొమ్మే. బొమ్మలోంచి అక్షరాలను రాబట్టే విధానంపై హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి తదితరులు 2001లోనే పరిశోధన ప్రకటించారు. గుణింతం పైన, ఒత్తు కింద చేరే మన లిపిలో అది సులువైన పని కాదు.

చెవి వినబడనివారికి కావలసింది దీనికి తిరగేసిన పని, మాటను అక్షరంగా మార్చడం. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి సవర గిరిజనుల భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియాకు క్వినైన్ వాడి వినికిడి కోల్పోయాడు. వాడుక భాష కోసం పోరాడిన పండితునికి ఆ వాడుకే వినబడకుండా పోయింది. ఆయన కాలంలో లేని ఆ సాయం ఇప్పుడుంది: 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను టైపు చేసే సౌకర్యం తెచ్చింది. అటువంటి యంత్రం విన్న నమూనాల నుంచే నేర్చుకుంటుంది కనుక, ‘ఏటి’, ‘ఎల్లిపోనాడు’ వంటి ఉత్తరాంధ్ర పలుకుబడి ఆ నమూనాలలో తగినంత లేకపోతే తడబడుతుంది.

సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కార్యాలయాలు, కళాశాలలు, పత్రికలు తమ తెలుగు ప్రకటనలను స్కాన్ బొమ్మలుగా కాక యూనికోడ్ పాఠంగా వెలువరించాలి. దీనికి కొత్త యంత్రాలేవీ కొననక్కరలేదు.